వేడి నాలా ఒడ్డున ఆఖరి గోంగూర

తొంభైల్లో ఒక జనవరిలో మా పిన్ని పక్కనున్న కిరాణా కొట్టు నుంచి ఫోన్ చేసింది. "నాలాలోకి నీళ్ళు ఆపేస్తన్నారే. ఇదే ఆఖరి గోంగూర. ఓసారొచ్చి చూసిపో" అంది. భిలాయిలో ఇనుప కడ్డీలు తయారుచేసే ఒక ప్రైవేటు మిల్లు నుంచి వేడినీళ్ళు వచ్చే నాలా పక్కన ఆమె ఆకుకూరలు పెంచి అమ్మేది. అక్కడి చలికి గోంగూర ఎక్కడా ఎదగదు, ఆ వెచ్చటి ఒడ్డున మాత్రం లేతగా వచ్చేది. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్ళు దానికోసం ఎగబడేవారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి చెబుతాను. విశాఖలో సాయంత్రం ప్యాసింజరు ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పొద్దున రాయపూర్ చేరుస్తుంది. దుప్పటి తీసుకెళ్ళకపోవడం నా బుద్ధితక్కువ, రాత్రంతా వణికి చచ్చాను. అక్కడ లోకల్ రైలు మారి భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో దిగితే, పిన్నివాళ్ళుండే ఖుర్సీపార్‌కి షేరు టెంపోలో మూడు రూపాయలు తీసుకున్నారు. డ్రైవరు అక్కడే పుట్టిన తెలుగువాడు. "గోంగూర ఆంటీ ఇంటికా దీదీ? మా అమ్మకి రెండు కట్టలు ఉంచమని చెప్పండి. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను, పక్కా" అన్నాడు.

బాబాయి ఆ మిల్లులోనే పంపు ఆపరేటరు. టీ తాగగానే నన్ను వెంటబెట్టుకెళ్ళి కొత్తగా కట్టిన తొట్టెలు చూపించాడు. కాలే ఇనుము మీద పోసిన నీళ్ళు అక్కడికి వస్తాయి. తుప్పు అడుగుకి దిగుతుంది, పైన తేలిన నల్లటి నూనెను తీసేస్తారు, నీళ్ళు చల్లారాక మళ్ళీ మిల్లుకే పంపిస్తారు. డీజిల్ లాంటి కంపుకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఇన్నాళ్ళూ ఇదంతా నాలాలోకే పోయేదా బాబాయ్?"

"మరేటి. కింద ఊళ్ళోవాళ్ళు గోల పెడితే ఇప్పటికి కట్టినారు" అని, నాలా వైపు వాల్వు బిగించేశాడు. ఆ ముఖంలో సంతోషం కనబడలేదు.

మధ్యాహ్నం పిన్ని గోంగూర పప్పు చేసింది. బాబాయికి మాత్రం విడిగా చారు పోసింది. పులుపు తింటే ఆయనకు ఎప్పటినుంచో కడుపులో మంటట. నేను అన్నం కలిపాను గానీ ముద్ద ఎత్తలేకపోయాను. ఆ నల్లటి తెట్టు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"ఏటే, నువ్వూ తినవా?" అంది పిన్ని. నా కంచం చూసింది. తరవాత ఆయన కంచం చూసింది. చేతిలో గరిటె కింద పెట్టింది.

"నువ్వు తిననిది మంటకి కాదన్నమాట" అంది.

బాబాయి తలెత్తలేదు. "మిల్లోళ్ళు నెలల తరబడి జీతాలివ్వనప్పుడు నీ మడే కదా మనకి కూడు పెట్టింది. ఏటని చెప్పమంటావు?"

"నాను తిన్నాను సరే. ఈ పేటలో పిల్లలందరికీ పెట్టించినావు కదయ్యా."

ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది.

సాయంత్రం టెంపో వాకిట్లో ఆగింది. పొద్దున కోసిన గోంగూర బుట్ట నిండా ఉంది. పిన్ని దాన్ని కాలితో తలుపు వెనక్కి నెట్టి, "అయిపోయింది బాబూ. అమ్మకి చెప్పు, ఇంక లేదని" అంది. అతను నొచ్చుకుంటూ వెళ్ళిపోయాడు. పిన్ని గడపలోనే కూలబడి ఏడ్చింది.

ఆ ఆకు ఎవరికైనా చెరుపు చేసిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేకపోయింది. నాలా ఎండడం మంచిదేనని తెలిసినా, తిరుగు రైల్లో మనసు కుదుటపడలేదు. మీరు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫ్యాక్టరీల పక్కన చలికాలంలో లేత ఆకుకూర కనిపిస్తే, ఏ నీళ్ళు పెట్టారో అడిగాకే కొనండి. బాబాయి ఎందుకు తినడో అన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరమూ గట్టిగా అడగలేదు.