చదవద్దు, కొట్టు

కరోనా పోయిన మూడో ఏడు జరిగిన సంగతి ఇది. చిత్తూరు బస్టాండుకు దగ్గర్లో, ఒక చెప్పుల షాపు మేడ మీద మా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. చేరేవాళ్ళు తగ్గిపోయి చాలా కాలమైంది. కంప్యూటర్లు ఉండగా ఈ ఇనప సామాను ఎందుకండీ అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే ఓపిక కూడా నాకు పోయింది. కొన్ని ఉద్యోగాలకు టైపు సర్టిఫికెట్ ఇంకా అడుగుతున్నారు. ఆ పరీక్ష ఇంకా ఈ పాత మిషన్ల మీదే పెడుతున్నారు. అందుకే నా షట్టరు రోజూ పైకి లేస్తోంది, అంతే. రిబ్బన్లు దొరకవు. మిషన్లు బాగుచేసే ముసలాయన తిరుపతి నుంచి రావాలంటే ఫోన్ల మీద ఫోన్లు చేసి బతిమాలాలి. అందరి వేళ్ళూ దారిలో పెట్టీ పెట్టీ నా వేళ్ళ కణుపులే వాచిపోయాయి.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఎస్తేరు మెట్లెక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి. పలమనేరు పక్కన పల్లె. భర్త ఒక ప్రభుత్వ ఆఫీసులో జీపు డ్రైవరుగా చేస్తూ కరోనాలో పోయాడు. ఆమె కాళ్ళరిగేలా తిరగ్గా తిరగ్గా, చనిపోయిన ఉద్యోగి ఇంట్లో ఒకరికిచ్చే కారుణ్య నియామకం కింద అదే ఆఫీసులో టైపిస్టుగా తీసుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు. గడువులోపల తెలుగు టైపు లోయర్ పాసవ్వాలి. లోయర్ అంటే ఈ విద్యలో మొదటి మెట్టు పరీక్ష. పాసవ్వకపోతే టైపిస్టు కుర్చీ పోయి అటెండరు స్టూలు మిగులుతుంది.

"అటెండరు పని తక్కువని కాదు మేడమ్. ఆయన జీపులో తిప్పిన సార్లకే నేను పోయి టీ గలాసులు కడగాల. అది మాత్రం నా చేత కాదు" అంది, నేను అడగకుండానే.

"టైపు ముందెప్పుడైనా నేర్చుకున్నావా?"

"లేదు మేడమ్. డిగ్రీ సదివినాను, తెలుగు మీడియమే. ఫోన్లో టపటపా కొడతాను. ఇదేం పెద్ద పని?"

అందరూ మొదటి రోజు ఇలాగే అంటారు. ఫోనుకు రెండు బొటనవేళ్ళు చాలు. మిషన్ మీద చిటికెన వేలు కూడా బరువు మోయాలి. అందులోనూ తెలుగు మిషన్ అంటే ఒత్తులకూ గుర్తులకూ డెడ్ కీలుంటాయి. అంటే కొట్టినా కాగితం ముందుకు జరగని మీటలన్నమాట. అక్షరం ముందా, ఒత్తు ముందా అన్నది వేళ్ళకు అలవాటు కావడానికే నెలలు పడుతుంది. కానీ ఎస్తేరు వేళ్ళు మంచివి. రోజూ ఆఫీసు వదలగానే వచ్చి, షాపులు మూసేదాకా కూర్చునేది. నేను అనుకున్నదాని కంటే ముందే చూడకుండా కొట్టడం వచ్చేసింది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. పేరా ఇచ్చి కొట్టమన్నాను. 'రైతులు ఉదయాన్నే మార్కెట్టుకు వచ్చారు. అక్కడ కొనేవాళ్ళు ఎవరూ లేరు. ధర పడిపోయింది.' ఇదీ పుస్తకంలో ఉన్నది. ఎస్తేరు కాగితం తీసి చూస్తే, 'రైతులు ఉదయాన్నే మార్కెట్టుకు వచ్చినారు. ఆడ కొనేవాళ్ళు ఎవరూ లేరు. ధర పడిపొయ్యింది' అని ఉంది. ఒక్క అక్షరం చెదరలేదు, ఒక్క ఒత్తు తప్పలేదు. శుభ్రంగా, ముద్దుగా ఉంది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

ఆమె పుస్తకం చూసింది, కాగితం చూసింది, మళ్ళీ పుస్తకం చూసింది. "రెండూ ఒగటే కదా మేడమ్?"

"అర్థం ఒకటే. పరీక్షలో అర్థానికి మార్కుల్లేవు. తప్పుకింత అని కోసేస్తారు."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఆ రోజు ఆమెను ఆట పట్టించాను. ఆమె కూడా నవ్వింది. టైపిస్టు కంటితో చూసిన అక్షరం నేరుగా వేలికి పోవాలి, మధ్యలో మనసు దూరకూడదు. ఎస్తేరు అలా కాదు. చూసిన వాక్యాన్ని లోపల చదువుకునేది, చదివింది ఆమె నోట్లో ఆమె మాటగా మారేది, ఆ మాటను వేళ్ళు కొట్టేవి. ఎన్నిసార్లు దిద్దినా 'చెప్పారు' పోయి 'చెప్పినారు' వచ్చేది, 'ఉంది' పోయి 'ఉండాది' వచ్చేది. పరీక్ష రాసింది, తప్పింది.

ఫలితం వచ్చిన రోజు నవ్వులు లేవు. "ఇంగొక్క పరీచ్చే మేడమ్ గడువులో. అది పోతే ఇంగ స్టూలే" అంది. నాకు భయం వేసింది. పిల్లలు తప్పితే మళ్ళీ ఫీజు కడతారు, ఈమె తప్పితే కట్టడానికేమీ ఉండదు. ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ అలిసిపోయాను కానీ, ఒక విద్యార్థి కోసం అంతగా ఆలోచించింది ఆ వారమే.

చివరికి ఒక ఉపాయం తోచింది. పేరాను వెనక నుంచి కొట్టమన్నాను. చివరి మాట ముందు, మొదటి మాట చివర. 'లేరు ఎవరూ కొనేవాళ్ళు అక్కడ.'

"దీనికి తలా తోకా లేదు మేడమ్" అంది.

"ఉండకూడదనే. చదవద్దు, కొట్టు."

మొదట్లో ఆ తల్లకిందుల వరసలో కూడా 'అక్కడ' వచ్చేసరికి 'ఆడ' కొట్టేది. నేను పక్కనే నిలబడి రూళ్ళకర్రతో బల్ల మీద తట్టేదాన్ని. చదవద్దు, కొట్టు. చదవద్దు, కొట్టు. నా గొంతు బొంగురుపోయింది. మెల్లమెల్లగా ఆమె సొంత మాటలు తగ్గాయి. తర్వాత పేరాలు మామూలు వరసలోనే ఇచ్చాను. ఒకరోజు పేజీ పూర్తి చేసి కాగితం నా చేతికిచ్చింది. ఒక్క తప్పు లేదు. "దేని గురించమ్మా ఈ పేరా?" అని అడిగాను.

"తెల్దు మేడమ్" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. కింద నుంచి ఇద్దరికీ టీ తెప్పించాను.

పరీక్షకు మిషన్లు మనమే మోసుకుపోవాలి. ఆటోలో ఆమె ఒళ్ళో ఒక మిషను, అది మొరాయిస్తే ఉంటుందని నా ఒళ్ళో ఇంకొకటి. హాల్లో అందరూ ఒక్కసారి మొదలుపెడితే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది. ఎస్తేరు తల ఎత్తకుండా కొట్టిందని లోపలున్నవాళ్ళు చెప్పారు. పాసైంది. పలమనేరు నుంచి పాలకోవ తెచ్చి, నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఉద్యోగం నిలబడింది. నా లెక్కలో అక్కడితో ఆ కేసు అయిపోయింది.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. సెలవు పెట్టానంది. తను నేర్చుకున్న మిషన్ ముందే కూర్చుంది, కాగితం మాత్రం పెట్టలేదు.

"నిన్న ఒగ పెద్దామె వచ్చింది మేడమ్ ఆఫీసుకు. మొగుడు వాచ్‌మెన్‌గా జేస్తా సచ్చిపోయినాడు. కూతురికి ఉద్యోగమియ్యమని అర్జీ పెట్టుకోనుండాది. దానికి జవాబు పోయింది ఆయమ్మకు. సదువు రాదంట. ఏముండాదో సెప్పు తల్లీ అని నా సేతికిచ్చె. నేను గబగబా సదివేస్తి. 'మీ దరఖాస్తును పరిశీలించుటకు వీలుపడదు.' సదివినాక కిందికి సూస్తే నా పొట్టి సంతకం ఉండాది."

ఆఫీసు కాగితం మీద ఎవరు టైపు చేశారో తెలియడానికి మూలన పొట్టి సంతకం చేస్తారు. అంటే ఆ కాగితం ఎస్తేరు కొట్టిందే.

"నేనే కొట్నా మేడమ్. ఏం కొట్నానో నాకే తెల్దు. నాకూ ముందర ఇట్లాంటి కాగితమే ఒగటి వచ్చింది. దీన్ని కొట్టేదానికి వాళ్ళకు సేతులెట్ల వచ్చినాయో అనుకోని ఏడిస్తి ఆ పొద్దు."

"నువ్వు చదివినా మార్చలేవు కదా ఎస్తేరూ. సంతకం పెట్టేది మీ సారు" అన్నాను.

"మార్సలేను. అది నాకూ తెలుసు. ఆయమ్మ నిలబడుకోని ఉండింది మేడమ్. నేను కూర్చోని సదివేస్తి. నాకు ముందే తెలిసుంటే, లేసి ఆయమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఇన్ని నీళ్ళిచ్చి, అప్పుడు సెప్పుండేదాన్ని."

ఆమె ఖాళీ రోలరును అటూ ఇటూ తిప్పింది. తర్వాత అడిగింది. "కొట్టేదీ సదివేదీ రెండూ ఒగేసారి రాదా మేడమ్?"

"రాదమ్మా" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. నేను చెప్పిన పాఠం తప్పని ఇప్పటికీ అనుకోను. అది లేకపోతే ఈ మనిషి ఈరోజు టీ గ్లాసులు కడుగుతూ ఉండేది. కానీ నాకు ఈ విద్య నేర్పిన మాస్టారు ఇంకో మాట కూడా చెప్పేవారు. కొట్టడం అయ్యాక కాగితం లాగేయకూడదు, రోలరు వెనక్కి తిప్పి ఒకసారి చదువుకోవాలి. ఒకసారి బయటికి తీసేస్తే మళ్ళీ అదే వరసకు అమర్చి దిద్దడం చాలా కష్టం. పరీక్షలో దానికి టైం చాలదని నేను ఆ ముక్క చెప్పడం ఎప్పుడో మానేశాను. చెప్పినా వినే ఓపిక ఎవరికీ లేదు, చెప్పే ఓపిక నాకూ లేదు.

ఆ రోజు ఎస్తేరుకు అది చెప్పాను. "ఆఫీసులో కంప్యూటరు మీద ప్రింటు కొట్టేముందు ఒకసారి ఆగు. ఆగి, నీ మాటల్లో చదువుకో."

"నా మాటల్లోనా?"

"నీ మాటల్లోనే. వచ్చినారు, పోయినారు అనే చదువు."

పాత పుస్తకంలోంచి ఒక పేరా తీసి ముందు పెట్టాను. కొట్టింది. రోలరు వెనక్కి తిప్పి, వేలు పెట్టుకుని గట్టిగా చదివింది. కాగితం మీద 'వచ్చారు' అనే ఉంది, ఆమె 'వచ్చినారు' అని చదివింది. కాగితం మీద 'అక్కడ', ఆమె నోట్లో 'ఆడ'. నేను రూళ్ళకర్ర ముట్టుకోలేదు.

ఇప్పుడు ఎవరు చేరినా రెండూ చెబుతున్నాను. చదవకుండా కొట్టండి, చదవకుండా తీయకండి. టైం పోతుంది మేడమ్ అంటారు పిల్లలు. పోతుంది, నిజమే. మనం కొట్టిన కాగితం ఎక్కడో ఒక మనిషి చేతికి పోతుందని, ఆ మనిషి వచ్చి మన ముందు నిలబడవచ్చని ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. అది ఎస్తేరు నేర్పింది.