మరమ్మ లోపలి ఇద్దరు

మధిరలో హైమ పేరు చెబితే పెద్దవాళ్ళు పరిషత్తు నాటకాల హైమ అంటారు. తొంభైల్లో బడికి వెళ్ళినవాళ్ళు మరమ్మ హైమ అంటారు. ఆ రెండో పేరు సగమే నిజమని ఎవరడిగినా ఆమే చెప్పేది.

తండ్రి బసవపున్నయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి మధిర పక్కన నల్లరేగడి కొని పత్తి వేసిన మనిషి. కూతురు బడి వార్షికోత్సవంలో రాణి వేషం వేస్తే మురిసిపోయాడు గాని, కాలేజీలో చేరాక ఊరూరా నాటకాలకు తిరుగుతానంటే ఒప్పుకోలేదు. ఆమె కాలేజీ మానేసింది గాని నాటకం మానలేదు. నాటక సమాజంలో హార్మోనియం వాయించే పిచ్చయ్యను తనే అడిగి పెళ్ళి చేసుకుంది. తండ్రి కొన్నేళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఒక పోటీలో ముందు వరసలో కూర్చుని చూశాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఇంటింటికీ టీవీ వచ్చాక నాటకాలకు పిలుపులు తగ్గాయి. హైమకు నలభై దాటాయి. ఆ సమయంలో హైదరాబాదు నుంచి వెంకటరామారావు కబురు పంపాడు. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, చిన్నప్పుడు ఆమె నాటకాలు చూసినవాడు. ఇప్పుడు ఒక టీవీ చానల్‌కు సీరియళ్ళు తీస్తున్నాడు. ఆకాశంలో కట్టుకున్న ఒక కాలనీలో నాలుగు కుటుంబాలు కాపురముండే కథ. పేరు ‘గగనపురం’. అందులో ఇంటిపని చేసే ఒక మరమనిషి ఉంది. దాన్ని పిల్లలు మరమ్మ అని పిలుస్తారు. ఆ వేషం హైమది.

వేషమంటే ఒళ్ళంతా వెండిరంగు పూసిన స్పాంజి, దానిమీద రేకు పట్టీలు, తలకు బుట్ట, కళ్ళ ముందు సన్నని జాలీ. ముఖం కనపడదు. పాతికేళ్ళు ముఖంతో నటించిన మనిషికి అది మొదట్లో ఊపిరాడని సంగతి. అందుకని ఆమె గొంతును ఆసరా చేసుకుంది. మాటకూ మాటకూ నడుమ కొద్దిగా ఆగేది. ఎక్కడా రాగం తీసేది కాదు. కోపం వస్తే గొంతు పెంచకుండా తగ్గించేది. “పాలు. పొంగినవి. నేను. చూడలేదు.” అని మరమ్మ అంటే పిల్లలు విరగబడి నవ్వేవారు. బుట్టను తిప్పేముందు భుజం తిప్పడం కూడా హైమ కనిపెట్టుకున్నదే. హీరో హీరోయిన్ల కంటే మరమ్మకే పేరొచ్చింది.

గగనపురం అయిపోయాక, సీరియల్ ఖర్చు పెట్టుకునే సబ్బుల కంపెనీ మరమ్మ ఒక్కదాని మీదే ఇంకో సీరియల్ తీయమంది. హైమ సంబరపడింది. అంత పెద్ద పాత్ర స్టేజీ మీద కూడా తనకు దక్కి చాలా ఏళ్ళయింది.

అయితే డబ్బు మొదటి సీరియల్‌కు ఇచ్చినదాంట్లో సగం కూడా ఇవ్వలేదు. పేరు ఎలాగూ ఉంది కదా, హంగులెందుకు అన్నారట కంపెనీవాళ్ళు. మొదటి సీరియల్‌కు స్టూడియోలో సెట్టు ఉండేది. వాటంతటవే తెరుచుకునే తలుపులు, వెలిగి ఆరే దీపాల గోడ, రంగునీళ్ళ గాజుగొట్టాలు ఉండేవి. ఇప్పుడు వాటికి కిరాయి కట్టే దారి లేదు. వెంకటరామారావు కథే మార్చాడు. గగనపురం నుంచి బయలుదేరిన వాహనం పాడైపోతుంది, మరమ్మ ఒక్కతే అడవి తప్ప ఏమీ లేని గ్రహం మీద పడుతుంది. అడవికి కిరాయి లేదు. పడిపోయిన వాహనం గనక ఒక రెక్క చేయిస్తే చాలు. దాన్ని పాత నీళ్ళ ట్యాంకు రేకుతో చేయించారు. ఆ గ్రహానికి రాత్రే ఉండదని రాసుకున్నాడు, జనరేటర్ ఖర్చు తప్పుతుందని. మరమ్మ తనలో తాను మాట్లాడుకుంటుంది, ఇంకో నటుడు అక్కర్లేకుండా.

ఏన్కూరు దాటాక అడవి అంచున ఆయన చుట్టాల మామిడితోట ఉంది. యూనిట్ అక్కడ దిగింది. ఏప్రిల్ నెల. బీడీలు చుట్టే తునికాకు కోత మొదలయ్యే రోజులు.

యూనిట్‌కు నీళ్ళు మోయడానికి దగ్గరి తండా నుంచి హేమ్లి అనే ఆమె వచ్చేది. ముప్పై ఏళ్ళుంటాయి, హైమంత ఎత్తు. తెల్లవారగానే ఆకు కోసి, కట్టలు కట్టి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చేది. ఆమె అద్దాల రవికె, గవ్వల అంచు లంగా చూసి వెంకటరామారావుకు ఆలోచన వచ్చింది. ఆ గ్రహంలో మనుషులను కూడా పెట్టవచ్చు, దుస్తులకు పైసా ఖర్చు కాదు.

“మీ తండా ఆడవాళ్ళను పది మందిని తీసుకురామ్మా,” అన్నాడు. “ఈ బట్టలతోనే రండి. ఆ గ్రహం మనుషులు మీరే.”

“గ్రహమంటే ఏంది సారూ?”

“భూమి కాదు. వేరే లోకం. అక్కడ ఉండేవాళ్ళన్నమాట.”

హేమ్లి బిందె కింద పెట్టింది. “గివి మేం రోజు ఏసుకునే బట్టలు సారూ. గివి ఏసుకుంటె మేం ఏరే లోకపోళ్ళమైతమా? గివే బట్టలతోటి ఖమ్మం బజార్ల తిరుగుతం. గాడ మమ్ముల ఎవ్వలు గట్ల అనలే.”

“చూసేవాళ్ళకు కొత్తగా ఉంటదని అంటున్నానమ్మా, తప్పుగా కాదు.”

“కొత్తేముంది? మా అవ్వ ఏసుకున్నది, నేను ఏసుకున్న. మేం రాం సారూ.”

ఆయన కూలి పెంచుతానన్నాడు. ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ గ్రహంలో మనుషులు లేకుండానే షూటింగ్ సాగింది.

ఎండ ముదిరింది. స్పాంజి లోపల హైమ చెమటకు నానిపోయేది. షాటుకూ షాటుకూ మధ్య బుట్ట తీసి విసనకర్రతో విసిరేవారు గాని, రోజుకు చేయాల్సిన షాట్లు పెరిగాయి, బుట్ట తీసే వేళలు తగ్గాయి. ఒక మధ్యాహ్నం వాగు ఇసుకలో నడుస్తూ మరమ్మ మోకాళ్ళ మీద కూలింది. నటనేమోనని కెమెరా కొంతసేపు తిరుగుతూనే ఉంది. మొదట పరుగెత్తినది హేమ్లి. రేకు పట్టీలు ఎక్కడ ఊడతాయో తెలియక కొడవలితో స్పాంజి కోసి, బిందెడు నీళ్ళు కుమ్మరించింది. ఖమ్మం దవాఖానాలో హైమ వారం పైగా ఉంది. వడదెబ్బ కిడ్నీల దాకా పోయిందన్నారు డాక్టర్లు. ఇక ఆ వేషం వేయొద్దన్నారు.

మంచం మీదున్న హైమకు పిచ్చయ్యే సంగతి చెప్పాడు. “షూటింగ్ ఆగలేదు. కోసిన డ్రెస్సు కుట్టించారు. ఆ నీళ్ళమ్మాయికి తొడిగించారు. నీ గొంతు తర్వాత హైదరాబాదులో ఎక్కించుకుంటారంట. రెండు పూటల్లో అయిపోద్దంట.”

హైమ గోడవైపు తిరిగి పడుకుంది. తాను పడిన కష్టానికి కాదు ఆమె బాధ. తను లేకపోయినా మరమ్మ నడుస్తోందంటే, ఇన్నాళ్ళూ తను చేసింది ఏమిటన్నది ఆమెను తొలిచింది. వెంకటరామారావు మీద కోపం వచ్చింది, హేమ్లి మీదా వచ్చింది. అద్దాల బట్టలకు రానన్న మనిషి రేకు బట్టలకు ఎలా ఒప్పుకుంది?

నడవగలిగాక మొదట వెళ్ళింది మామిడితోటకే. ఉదయం షూటింగ్ అయిపోయి హేమ్లి బుట్ట ఒళ్ళో పెట్టుకుని చెట్టు కింద కూర్చుంది. నీళ్ళు మోసే పని ఇంకొకరు చేస్తున్నారు. హైమను చూసి లేచి నిలబడింది.

“పాణం మంచిగైందా అక్కా?”

“అయింది. నా డ్రెస్సు నీకు సరిపోయిందన్నమాట.”

హేమ్లికి ఆ గొంతులో తేడా తెలిసింది. “సార్ అడిగిండు. పొద్దున, పొద్దుగూకే ముందట తియ్యాలె, ఎండల తియ్యద్దంటె ఏసుకుంట అన్న. సరే అన్నడు.”

“మీ బట్టలతో రానన్నావు. మరి దీనికెట్లా ఒప్పుకున్నావు?”

“గవి మావి అక్కా. గీ రేకుబట్ట ఎవ్వలదీ కాదు. దీన్ల ఎవ్వలున్నా మర బొమ్మే. దీన్ని చూసి మా జాతిని ఎవ్వలు నవ్వరు.”

హైమ ఆ చెట్టు కిందే కూర్చుంది. తను ఏనాడూ అడగని సంగతి, ఎండలో తీయొద్దన్న మాట, హేమ్లి మొదటిరోజే అడిగింది. దాంతో కోపం పోయిందని కాదు. కొంత మిగిలే ఉంది. సాయంత్రం షాటులో వెండిబొమ్మ వాగుగట్టు మీద నడుస్తుంటే కెమెరా పక్కన నిలబడి చూసింది. నడక బాగానే ఉంది. మెడ మాత్రం మనిషి మెడలాగా ముందే తిరుగుతోంది. చివరికి ఉండబట్టలేక గట్టిగా అంది. “హేమ్లీ, ముందు భుజం. ఆ తర్వాత తల.”

వెండిబొమ్మ ఆగి, భుజం తిప్పి, తర్వాత తల తిప్పింది. కెమెరా వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. షూటింగ్ ముగిసేదాకా హైమ అక్కడే ఉంది. దానికి ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

హైదరాబాదులో గొంతు రికార్డు చేసే రోజున పేచీ వచ్చింది. పేర్లు వేసే చోట మరమ్మగా హేమ్లి పేరు కూడా వేయాలంది హైమ.

“అది కుదరదండీ,” అన్నాడు వెంకటరామారావు. “లోపల ఇద్దరున్నారని పిల్లలకు తెలిస్తే ఏమవుతుంది? మరమ్మ ఒక్కతే. అది మీరే. నమ్మనివ్వండి.”

“నేను నడవనిచోట నేను నడిచానని ఎందుకు వేయాలండీ? ఇద్దరి పేర్లూ వేయండి. లేదంటే నాదీ తీసేయండి.”

ఆయన బతిమాలాడు, విసుక్కున్నాడు. కడకు ఆమె చెప్పిన రెండోదే చేశాడు. ‘మరమ్మగా: మరమ్మ’ అని వేశాడు. పిల్లలకు అది చాలా నచ్చిందట. హైమ దాన్ని తెరమీద చూసిన రోజున అన్నం తినలేదని పిచ్చయ్య చెప్పేవాడు. మాట మీద నిలబడినందుకు ఆమె పశ్చాత్తాపపడలేదు. కాని తన పేరు లేకపోవడం ఆమెకు నొప్పిగానే ఉండింది. ఆ నొప్పిని ఆమె దాచుకోలేదు కూడా.

వానలు మొదలయ్యేసరికి ఉన్న డబ్బు అయిపోయింది. ఇంకా కొన్ని భాగాలు కంపెనీకి ఇవ్వాల్సి ఉంది. అప్పుడు వెంకటరామారావు ఆఖరి ఉపాయం వేశాడు. మరమ్మ ఒక బండ మీద కూర్చుని పాతరోజులు గుర్తు చేసుకుంటుంది. గగనపురం నుంచి పాత ముక్కలు తీసి అతికించారు. బండ మీది షాటు అడవిలో ముందే తీసి ఉంది, కొత్తగా కెమెరా తెరిచింది లేదు. బండ మీద కూర్చున్నది హేమ్లి, జ్ఞాపకాల్లో ఉన్నది హైమ, అన్నిటి వెనక గొంతు హైమది. అలా మూడు వారాలు నడిపి, నాలుగో వారం సీరియల్ ఆపేశారు. మరమ్మ ఇంటికి చేరిందో లేదో చెప్పనే లేదు.

ఆ చివరి భాగాలు వచ్చే రోజుల్లోనే ఒక ఆదివారం హేమ్లి మధిర వచ్చింది. తండాలో అప్పటికి టీవీ లేదు. హైమ ఇంట్లో చాప మీద కూర్చుని చూసింది. బండ మీది బొమ్మ కనపడగానే, “గది నేనే,” అంది. తర్వాత గగనపురంలో పాలు పొంగించే బొమ్మ వచ్చింది. “గది నువ్వు.” ఆపైన ఏది ఎవరో ఆమె తడుముకోకుండా చెబుతూ పోయింది. పిచ్చయ్య రెండుసార్లు తప్పు చెప్పాడు, ఆడవాళ్ళిద్దరూ నవ్వారు.

“నీకెట్లా తెలుస్తోందే?” అని అడిగింది హైమ.

“నువ్వు నిలబడితె ఎవరో చూస్తున్నరని నిలబడతవ్ అక్కా. నేను ఊకె నిలబడత.”

హైమ ఆ మాటను పొగడ్తగా తీసుకోలేదు, నిందగానూ తీసుకోలేదు. అది నిజమేనని మాత్రం ఒప్పుకుంది.

ఆ తర్వాత ఆమె టీవీ వైపు వెళ్ళలేదు. కొత్తగూడెం రేడియోలో నాటకాలు చదివింది, బడిపిల్లలకు స్టేజీ పాఠాలు చెప్పింది. ఒకసారి తన నాటకంలో వేషం వేయమని హేమ్లిని అడిగింది. ఈసారి ముఖం కనపడే వేషం. హేమ్లి సిగ్గుపడి, “ముకం మూసేదుంటె చెప్పు, అస్త,” అంది. అలాంటి నాటకం హైమ దగ్గర లేదు. మిరప కోతలకు మధిర వైపు వచ్చినప్పుడల్లా హేమ్లి మాత్రం ఒకపూట ఆ ఇంట్లో ఆగి, అన్నం తిని, చెంగులో తెచ్చిన ఇన్ని ఎండుమిరపకాయలు వదిలి వెళ్ళేది.