గుండ్రటి ముక్కు లారీ

పాత లారీలంటే నాకు పిచ్చి అన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గ్రంథాలయంలో బొమ్మల పుస్తకం తెరిచి, ఇంజిన్ మీది ముక్కును బట్టి ఏ బండి ఏ దేశానిదో గుర్తుపట్టేదాన్ని.

బీజాపూర్ నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న భోపాల్‌పట్నం ఆవిడ సంచిలోంచి ఒక ఫోటో తీసింది. ఆమె భర్త లారీకి ఆనుకుని నవ్వుతున్నాడు. యూరప్‌లో సరుకు తోలుతున్నానని కబురు పంపాడట. ఏళ్లుగా ఇంటికి మాత్రం రాలేదట.

పక్క వరుసలోని సఫారీ సూటు పెద్దమనిషి, ఎవరూ అడగకుండానే ఫోటో అందుకున్నాడు.

"గుండ్రటి ముక్కు. జర్మనీ బండేనమ్మా. అక్కడ సరుకు తలుపుకు ఒకసారి కస్టమ్స్ సీలు వేశారంటే నాలుగు దేశాలు దాటినా తెరవరు," అన్నాడు, ఆ సీలు తానే వేసినట్టు.

"గన్ని దేశాలు దాటేటోనికి ఇంటి తొవ్వ దొరుకుతలేదా సారూ?" అందామె.

ఆయనకు ముక్కు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అచ్చం అలాంటి లారీలు మన దేశంలోనూ తయారయ్యాయి. ఫోటోలో స్టీరింగ్ కుడివైపుంది. జర్మనీలో ఎడమవైపుంటుంది. పైగా టైర్ల నిండా మా బస్సు వెళ్లే దారిలోని బచేలి ఇనుప గనుల ఎర్రదుమ్ము. ఆ మొగుడికి అబద్ధమాడే ఓపిక ఉంది గాని, ఫోటో దిగేముందు బండి కడిగే ఓపిక లేకపోయింది.

ఇదంతా ఆమెకు మెల్లగా చెప్పాను.

"పెద్దవాళ్ల మాటల్లో దూరకూడదమ్మాయ్," అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఆమె ఆయన చేతిలోంచి ఫోటో తీసుకుని సంచిలో పెట్టేసి, ముందు సీటు మీద తల ఆనించింది.

"బచేలి రాంగనే లేపు బిడ్డా. నేను జర్మనీల దిగాలె."