పోచమ్మ కళ్ల చిబి

నాకు పదిహేడేళ్లప్పుడు ఒక చిన్న బొమ్మను దాచుకోవడానికి మా ఇంట్లో చోటు లేకపోయింది. నాచారంలో రెండు గదుల పోర్షన్ మాది. ప్రతి బుధవారం సాయంత్రం మా ముందుగదిలో ప్రార్థన కూటం జరిగేది. ఇల్లంతా ఊడ్చి చాపలు పరిచేవాళ్లం. అలా ఊడుస్తున్నప్పుడే మంచం కింద అట్టపెట్టె అమ్మ చేతికి చిక్కింది.

అందులో ఉన్నది జానెడు కూడా లేని చిబి బొమ్మ. ఒళ్లు చిన్నది, తల పెద్దది, మొహం నిండా కళ్లే. జపాన్ వాళ్లు బొమ్మలను ముద్దుగా అలా కుదించి గీసే పద్ధతికి చిబి అని పేరు. వాళ్ల కార్టూన్లను యానిమే అనాలని, బొమ్మల కథల పుస్తకాలను మాంగా అనాలని, వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలని, ఆ పిచ్చి ముదిరినవాళ్లను ఒటాకు అంటారని నేను ఉప్పల్‌లో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని నేర్చుకున్నాను. ఇంటర్ పుస్తకాల మీద అంత శ్రద్ధ పెట్టి ఉంటే అమ్మ ఎంత సంతోషించేదో. పొగరు కూడా అంతే ఉండేది. ఎవరైనా వాటిని కార్టూన్లు అంటే చాలు, గయ్యిమని లేచేదాన్ని.

ఆ బొమ్మ ఒటాకులు పెట్టిన చిత్రాల పోటీలో నాకు వచ్చిన బహుమతి. ఎర్రబట్టలు, మోకాళ్ల దాకా నల్లటి జుట్టు, కుడిచేతిలో కత్తి. పెట్టె ముందువైపు ప్లాస్టిక్ అద్దంలోంచే చూసుకునేదాన్ని, దాన్ని విప్పనే లేదు. పెట్టె విప్పకుండా, అంచు కూడా నలగకుండా ఉన్న బొమ్మను మింట్ అంటారు. మా లోకంలో అంతకంటే గొప్ప మాట లేదు.

"ప్రార్థన జేసే ఇంట్ల విగ్రహం దెచ్చి పెడ్తవా? రేపటికల్లా గిది నాకు కనబడొద్దు," అంది అమ్మ. విగ్రహం కాదు, ఆటబొమ్మ అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

పక్క పోర్షన్‌లో ఒక అవ్వ, ఆమె కొడుకు ఉండేవాళ్లు. నల్గొండ పల్లెల్లోంచి వచ్చినవాళ్లు. కొడుకు ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. అతనేమో "ఏం జపాన్, తిన్నవా?" అని పలకరించేవాడు. అవ్వకు ఉన్నది అతనొక్కడే. ఆ పెట్టెను తీసుకుపోయి అవ్వకు ఇచ్చాను. దాచిపెట్టమన్నాను, మా అమ్మకు చెప్పొద్దన్నాను. విప్పొద్దని మాత్రం చెప్పలేదు. మింట్ పెట్టెను ఎవరైనా విప్పుతారనే ఆలోచన ఒటాకు బుర్రకు రాదు.

నెల తిరగకముందే అన్నకు కామెర్లు వచ్చాయి. మొదట ఆకుపసరు పోయించారు. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బాక దవాఖానాలో చేర్చారు. అవ్వ పొద్దున్నే బస్సెక్కి పోయేది, మధ్యాహ్నం వచ్చి ఇంత వండుకుని మళ్లీ పోయేది. మా అమ్మ అతని కోసం బుధవారం ప్రార్థన చేయించింది. నేను కూడా కళ్లు మూసుకున్నాను కానీ నా ధ్యాస వేరే ఉంది. తెలంగాణ బంద్‌ల వల్ల రెండుసార్లు వాయిదా పడిన మా ఒటాకుల కూటం ఆ ఆదివారం ఖాయమైంది. అందరూ తమ బొమ్మలను తెచ్చి బల్ల మీద పెట్టాలి. నా దగ్గర మింట్ ఉందని నెట్‌లో కనబడ్డ ప్రతివాడికీ చెప్పి ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం అవ్వ ఇంటికి పోయాను. గూట్లో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో బియ్యం, బియ్యం మీద నా బొమ్మ. నొసటి నుంచి కంటి దాకా కుంకుమ, కాళ్లకు పసుపు, పక్కన వేపకొమ్మ, ముందు దీపం.

"అవ్వా, డబ్బా ఏది?" అన్నాను.

"అమ్మను అట్టడబ్బల బెడ్తరా బిడ్డా? ఆ కండ్లు సూడు. అచ్చం మా ఊరి పోచమ్మ."

ఆమె పొరపాటు పడిందని ఇప్పుడు అనలేను. పల్లెల్లో పోచమ్మకు కూడా మొహం నిండా కళ్లే. కానీ ఆ రోజు నాకు కనిపించింది మరక ఒక్కటే.

"గది దేవత గాదవ్వా, ప్లాస్టిక్ బొమ్మ. అన్న ఫ్యాక్టరీల డబ్బాలు జేస్తరు సూడు, గసొంటిదే."

"నీకు బొమ్మ బిడ్డా. నేను మొక్కుకున్న. వాడు ఇంటికొచ్చేదాంక ఉండనియ్యి. వచ్చిననాడు పోచమ్మ ముందల సాక నీళ్లు బోసి, నేనే నీ చేతుల బెడ్త."

"నాకు రేపే గావాలె," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని బొమ్మను తీసుకున్నాను. ఆమె అడ్డురాలేదు. "జర పైలంగ పట్టుకో," అంది అంతే.

ఇంటికొచ్చి బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని రుద్దాను. సబ్బుకు కుంకుమ పోలేదు. దూది మీద నెయిల్ పాలిష్ రిమూవర్ పోసి తుడిచాను. కుంకుమ పోయింది, దాంతోపాటే కుడికన్ను కూడా పోయింది. ఆ చోట తెల్లటి ప్లాస్టిక్ మిగిలింది. కూలబడి ఏడ్చాను. బొమ్మ కోసమే ఏడ్చాను. ఆదివారం కూటానికి పోలేదు.

సోమవారం పొద్దున అన్న శవాన్ని తీసుకొచ్చారు.

డాక్టర్లు మూడురోజుల ముందే ఆశ వదులుకొమ్మన్నారట. విగ్రహాలకు ప్రాణం ఉండదని నేను ఉగ్గుపాలతో నేర్చుకున్నదాన్ని. ఇవన్నీ తెలిసి కూడా, అవ్వ ఏడుపు గోడ ఇవతలికి వినబడినప్పుడల్లా నా చేతికి ఆ రిమూవర్ వాసన వచ్చేది. ఎంత కడిగినా వచ్చేది. ఈ వయసులో కూడా ఎవరింట్లోనైనా ఆ సీసా మూత తీస్తే లేచి బయటికి వస్తాను.

దినాలు అయ్యాక బొమ్మను చున్నీలో చుట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను. జరిగిందంతా చెప్పాలని మాటలు కూడబలుక్కుని పోయాను. అవ్వ దాన్ని గడప దగ్గరి వెలుతురులో తిప్పి చూసింది. కన్ను పోయిన చోట బొటనవేలితో నిమిరింది.

"నా కొడుకు కోసం కొట్లాడి కన్ను పోగొట్టుకుంటివా తల్లీ," అంది బొమ్మతో.

నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "నువ్వెందుకేడుస్తవ్ బిడ్డా? అమ్మ జేసేటిది జేసింది. సావే ఇనలే."

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. తర్వాతి నెల ఆమె పోర్షన్ ఖాళీ చేసి, బొమ్మను కొంగున కట్టుకుని ఊరికి పోయింది. ఏ ఊరో నేను అడగలేదు. ఆమె నమ్మకం చెడగొట్టకూడదనే ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా తల నిమురుతున్న ఆ చెయ్యి ఆగిపోతుందని భయపడ్డాను.