వన్స్‌మోర్ నడుమ ఆరిన కర్పూరం

నా చిన్నప్పుడు కొల్లాపూర్‌లో పద్యనాటకానికి పోవడమంటే సగం నాటకం చూడడానికి, సగం వన్స్‌మోర్ అని అరవడానికి. పద్యం కుదిరిందంటే చాలు, జనం లేచి ఆ మాట అందుకునేవాళ్ళు. నటుడు కథను ఉన్నచోటే ఆపేసి అదే పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు. రాగం ఇంకాస్త సాగేది, ఈలలు ఇంకాస్త పెరిగేవి. ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మలు కూడా ఆ ఒక్క మాటను తప్పు లేకుండా అరిచేవాళ్ళు. నేనూ గొంతు బొంగురుపోయేదాకా అరిచేదాన్ని.

మామిడికాయల కాలంలో అక్కడ నాటకోత్సవాలు జరిగేవి. ఆ రోజుల్లో మా మేనత్త బడి గోడ మీద ఒక పత్రిక నడిపేది. ఆమె ఆ బడిలోనే తెలుగు టీచరు. నిన్నటి నాటకం గురించి పిల్లలతో రాయించి, పెద్ద కాగితం మీద గుండ్రటి అక్షరాలతో దిద్దించి అతికించేది. దానికి ఆమె ఒక నియమం పెట్టింది. రాసింది గోడెక్కే ముందు, రాసిన పిల్లే దాన్ని ఆ నటుల ఎదుట నిలబడి చదవాలి. ముఖం మీద అనలేని మాట గోడ మీద రాయొద్దనేది. అంతకు ముందటి ఏడు ఎవరో పిల్లవాడు హాస్యగాడి గురించి రాసింది గొడవయింది. ఈసారి ఒక్క నటుడు నొచ్చుకున్నా గోడపత్రిక బందేనని ఉత్సవ కమిటీ పెద్దాయన ఇంటికొచ్చి మరీ చెప్పిపోయాడు. మా అత్త సరేనంది. రాసే వంతు ఆ ఏడు నాకొచ్చింది.

నా వంతుకు వచ్చిన నాటకంలో రాజు వేషం పాన్‌గల్ దిక్కు పటేలుది. పెద్ద రైతు, పెద్ద గొంతు. ఆ ఏడు పందిరి వేయించిందీ ఆయనే. కోపమొస్తే ఎదురుగా ఎవరున్నారో చూడడని పేరు. రాణి వేషం కట్టినామె గద్వాల నుంచి వచ్చింది. రాజు యుద్ధానికి బయలుదేరతాడు, రాణి హారతి పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడుతుంది, రాజు వీడుకోలు పద్యం పాడతాడు. ఆ పద్యానికి పందిరి అదిరిపోయింది. వన్స్‌మోర్! అయిపోగానే మళ్ళీ వన్స్‌మోర్! అందులో నా గొంతూ ఉంది.

తెల్లారి నేను రాసుకుపోయిన కాగితం నిండా అద్భుతం, అమోఘం, అపూర్వం. మా అత్త చాయ్ వడగడుతూ చదివింది. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

"గివన్ని నాకెందుకే? నువ్వేం జూసినవో చెప్పు," అంది. "రాజు పద్యం పాడంగ రాణమ్మ ఏం జేస్తుండె?"

"హారతి పళ్ళెం పట్టుకోని నిలబడ్డది అత్తమ్మా. గని హారతి ఇయ్యంగ అండ్ల మంట లేకుండె. ఎప్పుడు ఆరిపోయిందో ఏమో."

మా అత్త చాయ్ గిన్నె కింద పెట్టేసింది. దేవుడి గూట్లోంచి కర్పూరం తెచ్చి, స్టీలు పళ్ళెంలో వెలిగించి నా చేతికిచ్చింది. ఇచ్చి, వంటింటి గడపలో రాజులాగ నిలబడి ఆ పద్యం ఎత్తుకుంది. మా అత్త గొంతు గురించి చెప్పకపోవడమే మేలు, కానీ ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు. పద్యం అయ్యేసరికి పళ్ళెం వెచ్చబడింది. తనే వన్స్‌మోర్ అని అరిచి, తనే మళ్ళీ మొదలుపెట్టింది. నేను పళ్ళాన్ని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చాను. అప్పుడు గుర్తొచ్చింది, రాణి కూడా అచ్చం ఇట్లాగే చేతులు మార్చుకుంది. అది నేను చూశాను. చూసి, అరుపుల్లో పడి వదిలేశాను. నా చేతిలో కర్పూరం ఆరిపోయింది కానీ పళ్ళెం మాత్రం ఇంకా కాలుతూనే ఉంది.

"ఇగ రాయి," అంది అత్త.

ఈసారి రాసింది చిన్నది. 'రాజుగారి గొంతు పందిరి చివరిదాకా వినిపించింది. జనం అడిగినప్పుడల్లా ఆయన పద్యం మళ్ళీ పాడారు. ఈలోగా రాణిగారి పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది. పళ్ళెం కాలుతుంటే ఆమె చేతులు మార్చుకున్నారు. చివరికి మంట లేని పళ్ళెంతోనే హారతి ఇచ్చారు. రాజుగారు అది చూడలేదు.' రాసేటప్పుడు బాగానే ఉంది. రాశాక ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి అత్తకు చూపించాను.

"పటేలు గుస్సయితడేమో అత్తమ్మా. నీ పత్రిక బంద్ జేస్తరు గద. ఆఖరి మాట తీసేద్దునా?"

ఆమె చూపు గూట్లో దాచిన సిరా సీసాల మీదికి పోయింది. ఆ పత్రిక అంటే ఆమెకు ఎంత ప్రాణమో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏడాది పొడుగునా రంగు సిరాలు కూడబెట్టేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

"తీసేస్తే తీసేయి. పత్రిక తిప్పలు నావి, మాట నీది. గని జూసినదాన్ని జూడలేదనుకోని మాత్రం తీసేయకు," అంది.

నేను తీసేయలేదు. అదేం ధైర్యం కాదు. వేళ్ళు ఇంకా చుర్రుమంటున్నాయి, అందుకని.

బడి వరండాలో నటులంతా కూర్చున్నారు. పటేలు చెవుల పక్కన నిన్నటి ఎర్రరంగు ఇంకా పూర్తిగా పోలేదు. కమిటీ పెద్దాయన స్తంభానికి ఆనుకుని మా అత్త వైపే చూస్తున్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. మొదటి వాక్యానికి పటేలు మీసం సవరించుకున్నాడు. కర్పూరం దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. ఆఖరి వాక్యం నా నోట్లోంచి ఎట్లా బయటికొచ్చిందో నాకే తెలియదు.

"చిన్న పిల్ల పటేలా, దానికేం తెల్వదు. టీచరమ్మా, గా కాగితం ఇటియ్యి," అంటూ కమిటీ పెద్దాయన చెయ్యి చాపాడు. మా అత్త ఉన్నచోటు నుంచి కదలలేదు.

పటేలు నన్నే చూస్తూ, "వన్స్‌మోర్," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అది ఎగతాళో కోపమో నాకు అంతుపట్టలేదు. అత్త వైపు చూస్తే తల ఊపింది. మొదటి నుంచి మళ్ళీ చదివాను, ఒక్క మాట మార్చకుండా. ఈసారి పటేలు నన్ను చూడడం లేదు. పక్కకు తిరిగి, రాణి వేషం కట్టినామెను చూస్తున్నాడు. ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"ఏదమ్మా, చెయ్యి?" అన్నాడు.

"ఏం లేదు పటేలా. జర చురుక్కుమన్నది, గంతే."

"గప్పుడే జెప్పొద్దా?"

"మీరు పాడుతుంటిరి గద పటేలా."

ఆ మాట ఆమె మెల్లగా, మర్యాదగానే అంది. నేను రాసిన దానికన్నా అదే ఆయనకు గట్టిగా తగిలింది. లేచి చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కమిటీ పెద్దాయనతో, "అతికియ్యుండ్రి. మూలకు గాదు, అందరికి కనవడేటట్టు," అని వెళ్ళిపోయాడు. మా అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట అంది కానీ నేను నమ్మలేదు.

ఆ సాయంత్రం అదే నాటకం మళ్ళీ ఆడారు. పద్యం అయింది, జనం వన్స్‌మోర్ అన్నారు. పటేలు పాడలేదు. పళ్ళెంలో మంట ఉండగానే తల వంచి హారతి తీసుకున్నాడు. టీచరమ్మ మేనకోడలు ఆట చెడగొట్టిందని ఊళ్ళో చాలామంది నన్ను తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాను.

ఇప్పుడు వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉత్సవం జరిగితే, నాటకాల మీద, నృత్యాల మీద సమీక్షలు రాసే పిల్లలకు నేర్పమని నన్ను పిలుస్తుంటారు. ఆట సగంలో ఉండగానే ఫోన్లో రాసి పంపేస్తారు, గడుగ్గాయిలు! అద్భుతాలూ అమోఘాలూ ఇంకా చావలేదు. నేను వాటిని కొట్టేయను. మీరు చప్పట్లు కొడుతున్నప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం చేస్తున్నారని మాత్రం అడుగుతాను. రాసింది కళాకారుల ఎదుటే చదవమంటాను. కొందరు మర్నాడు మొహం చాటేస్తారు. వచ్చిన పిల్ల కాగితం పట్టుకుని నిలబడితే దానికన్నా నా గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఆ రోజు మా అత్త కదలకుండా ఎట్లా నిలబడగలిగిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

ఇన్నేళ్ళయినా, పందిరి మొత్తం లేచి చప్పట్లు కొడుతుంటే నా కళ్ళు ఆ చప్పట్లు అందుకునే మనిషి మీద నిలవవు. పక్కన మాట లేకుండా నిలబడ్డవాళ్ళ చేతులను వెతుకుతాయి.