ధర చెప్పి నోరు మూసుకున్నందుకు

దవడ పట్టేసిన ఏడాది నేను ముందుగా చెవిని అనుమానించాను. వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు చుక్కలుగా పోసుకున్నాను. చెవి తప్పేమీ లేదని తేలాక పన్ను మీద పడ్డాను. పళ్ళ డాక్టరు వద్దు వద్దంటున్నా బతిమాలి వెనక పన్నొకటి పీకించుకున్నాను. పన్ను పోయింది, నొప్పి ఉండిపోయింది.

జనగామలో మాది బట్టల దుకాణం. తాత నాటి నుంచి మాకు నోరే పెట్టుబడి. ఆ నోట్లో రెండు వేళ్ళు నిలువుగా పట్టడమే కష్టమైంది. ఆవలిస్తే కుడిచెవి ముందు టక్కుమని చప్పుడు. కీలు అరిగి ఉంటుందనీ, ఆపరేషను తప్పదేమోననీ ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని నెలల తరబడి వణికాను. మూతికి కట్టుతో కూర్చున్న వ్యాపారిని చీర ధర ఎవరడుగుతారు?

మహబూబాబాద్‌లో ఉండే మా అక్క దగ్గరికి వెళ్తే మక్క గారెలు చేసి పెట్టింది. నేను వాటిని చిదిమి పెరుగులో నానబెట్టుకోవడం చూసి కళ్ళెర్రజేసింది.

"ముసలోని లెక్క గదేం తినుడురా? రేపే భూపాలపల్లి పోదాం. మా ఆడిబిడ్డ దవడ గిట్లనే పట్టుకుంటే అక్కడి డాక్టరమ్మ స్కాన్ తీసి చూసింది."

డాక్టరమ్మ నాకంటే చిన్నది. వేళ్ళతో కీలంతా తడిమి, నోరు తెరిపించి, మూయించి చూసింది. కడుపులో బిడ్డను చూసే స్కాన్ లాంటిదే ఇదీనట. కాకపోతే కండ ఎంత బిగిసిందో కూడా చెబుతుంది. మెత్తగా ఉంటే తెర మీద నీలం, గట్టిగా ఉంటే ఎరుపు.

"ఒక్క దిక్కే నొప్పి గదమ్మా. సగం మొఖానికి సగం ఫీజు తీసుకోరాదు?" అన్నాను.

అక్క కొంగుతో ముఖం కప్పుకుంది.

"రెండు దిక్కులు చూస్తేనే తేడా తెలుస్తదన్నా. రెండోది ఊకెనే చూస్త తియ్," అంది డాక్టరమ్మ. దవడ పోయినా బేరం గెలిచానని లోలోపల మురిసిపోయాను.

చెంపకు చల్లని జిగురు రాసింది. ఎడమవైపు నీలంగా ఉంది. కుడివైపు అక్కడక్కడా పసుపు తిరిగింది.

"కొంచెం గట్టిగనే ఉన్నది. పొద్దంత ఏం పని జేస్తవన్నా?"

"బట్టలమ్ముత. బేరమాడుత."

"మాట్లాడి మాట్లాడే అరిగింది," అంది అక్క.

"ఏదీ, జర బేరం జేసి చూపెట్టు," అంది డాక్టరమ్మ.

అక్క క్షణంలో చీర కొనే గిరాకీ అయిపోయింది. "గీ చీరెంత?" చెప్పాను. "అవ్వో, గంతనా! దింపు."

నేను పలకలేదు. మా బాపు నేర్పిన మొదటి పాఠం అది: "ధర చెప్పినవా, ఇగ పండ్లు బిగవట్టి కూసో. ముందుగాల నోరు తెరిచినోడే ఓడిపోయినట్టు." పదేళ్ళ వయసు నుంచీ అలాగే కూర్చుంటున్నాను.

"గట్లనే ఉండు," అంది డాక్టరమ్మ. తెర మీద ఎరుపు కమ్ముకుంది. "బిగవడితే ఎవలకైనా ఎర్రగైతది. నువ్వు పొద్దంత గిట్లనే ఉంటే కండ ఎట్ల ఓర్సుకుంటదన్నా?"

అంటే నన్ను పట్టేసింది మాటలు కాదు, మౌనం!

"ఆపరేషనా అమ్మా?" అన్నాను.

"గీ బొమ్మ ఒక్కటే చూసి చెప్తలేను, చేతితోని గూడ చూసిన. ఇప్పటికైతే ఆపరేషన్ అక్కర లేదు. కాపడం పెట్టు, నేను చూపెట్టే కసరత్తు చెయ్యి. పెదవులు కలువాలె, పండ్లు కలువొద్దు."

అక్క నా భుజం మీద చెయ్యేసింది. నేను ఫీజు తగ్గించమన్న మాట గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. నువ్వేం చేసి బతుకుతావని అడిగిన మొదటి డాక్టరు ఆమె.

కొన్ని నెలల తర్వాత బచ్చన్నపేట నుంచి ఒక అవ్వ చీరకొచ్చింది. ధర చెప్పి, పళ్ళు విడిచి, దవడ వదులు చేశాను. వదులైన నోరు కదా, తగ్గింపు ధర దానంతట అదే జారిపోయింది.

అవ్వ చీరను వెలుతురుకు పట్టి చూసింది. "గింత జల్ది దిగినవేంది? ఎక్కడన్న చినిగిందా?"

నవ్వొచ్చింది. ఏడాదిగా నవ్వని నవ్వు, నోరంతా తెరిచి. చెవి ముందు చప్పుడు లేదు, నొప్పి లేదు. భూపాలపల్లి వైపు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అవ్వ నా నోట్లోకి తొంగి చూసింది.

"వెనక పన్ను గూడ లేకపాయె. పాపం, ఇంకింత తగ్గియ్యి కొడుకా."