ఊపిరి విడవమన్న మాట

మనిషి ఒంట్లో కొవ్వు ఎంత, కండ ఎంత అని కొలిచే పని నాకు కొన్నాళ్ళు అన్నం పెట్టింది. ఎనభైల మొదట్లో పుదుచ్చేరిలోని ఒక వైద్య కళాశాల ప్రయోగశాలలో నేను టెక్నీషియన్ని. యానాం నుంచి వచ్చి నెల్లితోపులో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. తెల్లవారుజామున లేచి, వాక్యం చదువుకుని, మోకాళ్ళూని ప్రార్థన చేసుకుని, టౌన్ బస్సెక్కేవాణ్ణి. ఆదివారాలు, శనివారం సాయంత్రాలు ఇందిరా నగర్‌లో ఒక ఉద్యోగి ఇంట్లో మా తెలుగు క్రైస్తవ సహవాసం కూడేది. అంతకు మించి ఆ ఊళ్ళో నాకు వేరే లోకం లేదు. ఆ రోజుల్ని తలచుకుంటే ముందు గుర్తొచ్చేది అలసటే. ఎప్పుడూ తడిగా ఉండే చేతులు, నిలబడి నిలబడి బరువెక్కిన కాళ్ళు.

మా డాక్టరు గారు ఒక పరిశోధన పెట్టుకున్నారు. ఒకే మనిషిని మూడు విధాలుగా కొలిచి, ఏ కొలత నమ్మదగినదో తేల్చాలి. ఎత్తు, బరువు చూసి అచ్చు పట్టికలో వెతకడం ఒక విధం. దానికి నిమిషం చాలు. పట్టిక మాత్రం బస్తాలు మోసే భుజానికీ, కుర్చీలో పెరిగిన పొట్టకీ తేడా చూడదు. రెండోది పటకారు లాంటి కాలిపర్‌తో చర్మం మడత పట్టి మందం కొలవడం. జబ్బ వెనక, రెక్క ఎముక కింద, నడుం పక్కన. వేళ్ళు ఎంత బిగించాలో వేళ్ళకే తెలియాలి. నాకు ఆరు నెలలు పట్టింది.

మూడోది నీటి తూకం. డాక్టరు గారికి నమ్మకమంతా దాని మీదే. సిమెంటు తొట్టి పైన పెద్ద డయలు ఉన్న తూకపు యంత్రం, దానికి గొలుసులతో వేలాడే ఇనప కుర్చీ. మనిషిని కూర్చోబెట్టి తల దాకా నీళ్ళలోకి దించాలి. కొవ్వు నూనెలా తేలుతుంది, కండా ఎముకా మునుగుతాయి. నీళ్ళలో ఎంత బరువు తూగితే కొవ్వు అంత తక్కువన్నమాట. చిక్కల్లా ఊపిరితోనే. గాలి కూడా తేలుతుంది కదా. ఊపిరితిత్తుల్లో గాలి మిగిలితే లెక్కలో అది కొవ్వు కింద పడిపోతుంది. అందుకని మునిగే ముందు గాలంతా బయటికి వదిలేయాలి.

మొదట్లో ఆ తొట్టి చూస్తే నాకు బాప్తిస్మం గుర్తొచ్చేది. గోదావరి పాయలో నన్ను ముంచిన రోజు మా సంఘ కాపరి చెయ్యి నా వీపు కింద ఉంది. నన్ను మోసేవాళ్ళు ఉన్నారన్న ధైర్యం అప్పుడు తెలిసింది. తొట్టిలో దిగే ప్రతి మనిషి కోసం లోపల్లోపల ఒక మాట ప్రార్థించుకునేవాణ్ణి. కొన్ని నెలలకు అదీ పోయింది. మనిషి దిగుతాడు, ముల్లు ఊగుతుంది, ఆగుతుంది, అంకె రాస్తాను. తరువాతి మనిషి.

తమిళం మాట్లాడే వాళ్ళను తమిళుడైన నా సహోద్యోగి ముంచేవాడు. తెలుగువాళ్ళను డాక్టరు గారు నాకు అప్పగించారు. కడలూరు రోడ్డు మీద కిరుమాంబాక్కం నుంచి, ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాల వాళ్ళు వచ్చేవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం చాలామందికి రాదు. వాళ్ళ తెలుగు నాకు, నా గోదావరి తెలుగు వాళ్ళకు కొంచెం వింతే. అయినా నడిచిపోయేది. నడిచిపోతోందనే అనుకున్నాను.

రాను రాను ఒక విచిత్రం బయటపడింది. తమిళుల విషయంలో కాలిపరూ తొట్టీ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. నా తెలుగువాళ్ళు కాలిపర్‌కి బక్కగానూ తొట్టికి లావుగానూ వస్తున్నారు. డాక్టరు గారికి ఉత్సాహం వచ్చింది. ఈ కుటుంబాల్లో కొవ్వు చర్మం కింద కాక లోపలెక్కడో పేరుకుంటోందని, అందుకే కాలిపర్‌కి చిక్కడం లేదని ఒక సిద్ధాంతం రాయడం మొదలుపెట్టారు. నా సహోద్యోగి మాత్రం సిద్ధాంతం దాకా పోలేదు.

"మీ తెలుంగు వాళ్ళకి కొళుప్పు జాస్తిప్పా. తొట్టి పొయ్యి చెప్పదు" అనేవాడు. పొయ్యి అంటే వాళ్ళ భాషలో అబద్ధం, కొళుప్పంటే కొవ్వు. కొవ్వంటే పొగరని రెండు భాషల్లోనూ అర్థం ఉండటంతో ఆ హాస్యం వారానికొకసారైనా తప్పేది కాదు.

ఆ నవంబరులో, ఎడతెగని వానల్లో, కిరుమాంబాక్కం నుంచి ఒకతను వచ్చాడు. ముప్పైకి దగ్గర పడుతున్న మనిషి. మెడ, తొడలు దుంగల్లా ఉన్నాయి. అన్నదమ్ములు ముగ్గురికీ ఉన్న పొలం చాలక ధాన్యం బస్తాలు మోసేవాడు. ఫైర్‌మన్ ఉద్యోగానికి అన్ని పరీక్షలూ గెలిచి, చివర వైద్య పరీక్షలో పట్టిక దగ్గర ఆగిపోయాడు. ఎత్తుకు బరువు ఎక్కువ. అది కొవ్వు కాదని ఒక డాక్టరు రాసిస్తే చూస్తామని, శనివారం మధ్యాహ్నంలోగా తేవాలని అన్నారట. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

"నాకు కొవ్వా అన్నా? గంజి తాగేవాడికి యాడనించి వస్తుంది?" అన్నాడు.

కాలిపర్‌కి మడతే సరిగా అందలేదు. అంత గట్టి ఒళ్ళు. "మంచి మాటే రాస్తాం తమ్ముడూ" అని నేనే తొందరపడి ధైర్యం చెప్పాను. గురువారం పొద్దున తొట్టిలో దించాను. అందరికీ చెప్పినట్టే చెప్పాను: "ఊపిరి పూర్తిగా విడిచి మునుగు." ముల్లు వైపు తిరిగాను. అది చాలా తక్కువ దగ్గర ఆగింది. అంటే కొవ్వు ఎక్కువ. మూడుసార్లు ముంచాను. మూడుసార్లూ అంతే.

డాక్టరు గారు అంకెలు చూసి తల అడ్డంగా ఊపారు. "కాలిపర్ చేతి పని. తొట్టి భౌతిక శాస్త్రం. నేను అబద్ధం రాయలేను" అన్నారు. ఆయన నిజాయితీని తప్పు పట్టలేను. ఆ నిజాయితీకి అంకె అందించింది నేను.

అతను వరండాలో తడి జుట్టుతో కూర్చున్నాడు. టీ తెచ్చి ఇచ్చాను. "మునిగేటప్పుడు భయపడ్డావా?" అన్నాను.

"భయమేంది అన్నా? బావిలో ఈత కొట్టి పెరిగినోణ్ణి. నువ్వు చెప్పినట్టే గదా చేసినా. ఊపిరి విడువు అంటివి, నిండా విడిచినా."

"ఎలా విడిచావు? చూపించు."

అతను గ్లాసు కింద పెట్టి గాలి లోపలికి లాగాడు. రొమ్ము కొలిమి తిత్తిలా పొంగింది. పెదాలు బిగించి కళ్ళతోనే 'చూసినావా' అన్నాడు.

"అది పీల్చడం కదయ్యా!"

అతను గాలి వదిలి నవ్వాడు. "ఊపిరి విడిచేదంటే ఇదే గదా. ఇప్పుడు నువ్వు విడిచేది లేదా? మనిషి పొద్దంతా విడస్తానే ఉండాల. నీళ్ళలో కుదరదని ముందే నిండా విడిచి పెట్టుకుంటి."

తమిళంలో మూచ్చు విడడమంటే ఊరికే శ్వాస తీసుకోవడమే. తరాలుగా ఆ భాష మధ్య బతికిన వాళ్ళ తెలుగులోకి ఆ అర్థమే వచ్చి చేరింది. నేను గాలి వదలమంటే, వాళ్ళు బాగా గాలి పీల్చుకోమన్నానని విన్నారు. ఒక్కొక్కరూ రొమ్ము నిండా గాలితో మునిగారు. ఆ గాలినంతా నేను కొవ్వుగా రాశాను. ఒక్కసారి వాళ్ళ మొహాల వైపు చూసి ఉంటే తెలిసేది. నేను ముల్లునే చూశాను.

"మరి ఏమని చెప్పాలి?" అని అడిగాను.

"ఊదు అను. ఊదేది అందరికీ తెలుసు గదా" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. తరువాత కనుక్కుంటే నా సహోద్యోగి మొదటి నుంచీ ఊదమనే చెబుతున్నాడు.

డాక్టరు గారు అప్పటికే వెళ్ళిపోయారు. శుక్రవారం పొద్దున ఆయన గది ముందు చాలాసేపు నిలబడ్డాను. సంఘంలో తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటే. అక్కడ అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు, చివర ఎవరో ఒకరు ఆమేన్ అంటారు. డాక్టరు గారు కళ్ళు మూసుకోలేదు. నేను చెబుతున్నంతసేపూ నా వైపే చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజు నుంచీ సార్."

బల్ల మీద ఆయన సిద్ధాంతం టైపు చేసిన కాగితాలున్నాయి. వాటిని బోర్లించి పెట్టారు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. "రేపు ఆరింటికి తొట్టి నింపించు. తరువాత నీ తెలుగువాళ్ళందరి జాబితా కావాలి. అందరినీ మళ్ళీ పిలవాలి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నాకంటే అలసిపోయిన మనిషి కనిపించాడు.

సాయంత్రం వానలోనే కడలూరు బస్సెక్కి కిరుమాంబాక్కం వెళ్ళి, రేపు పొద్దున్నే రమ్మని అతనికి చెప్పి వచ్చాను. వాళ్ళమ్మ గడపలో నిలబడి, "ఇంకోసారి ముంచేదా? జొరం వస్తే ఎవురు చూసేది నాయనా?" అంది.

శనివారం నీళ్ళు మంచులా ఉన్నాయి. ఈసారి ముల్లు సహోద్యోగికి అప్పగించి నేను అతని మొహం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ఊదు. ఇంకా ఊదు. ఇంకా." పెదాలు నీలంగా అయ్యేదాకా ఊదాడు. తల మునిగింది. బుడగ ఒక్కటీ రాలేదు. ఆ క్షణం, ఎన్నో నెలల తరువాత, ఒక మనిషి కోసం ప్రార్థించాను.

"ఇరంగిడుచ్చు" అన్నాడు సహోద్యోగి. దిగిపోయింది అని. ముల్లే దిగిందేమో, బరువు తగ్గిందేమోనని గభాల్న డయలు వైపు తిరిగాను. "కాదప్పా, కుర్చీ కిందికి దిగింది. బరువు ఎక్కువ చూపిస్తోంది. మీవాడికి కొళుప్పే లేదు" అన్నాడు. కాలిపర్ చెప్పినదానికీ తొట్టి చెప్పినదానికీ తేడా గోరంత కూడా లేదు. డాక్టరు గారు అంకెలు రెండుసార్లు సరిచూసి, నిలబడే ఉత్తరం రాసి సంతకం పెట్టారు. అతను దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, తల కూడా తుడుచుకోకుండా సైకిలెక్కి వానలో వెళ్ళాడు.

మూడు గంటలకు తిరిగి వచ్చాడు. మొహం చూడగానే పని అయిందని తెలిసిపోయింది.

"ఉత్తరం చదివారా?" అన్నాను.

"ఆ డాక్టరు యాడ చదివినాడన్నా? ముద్ర చూసి పక్కన పెట్టె. చొక్కా ఎత్తమని, రెండు వేళ్ళతో నా పొట్టను పొడిచె. వేళ్ళు వంగిపోయె. 'సరి, పో' అని సర్టిఫికెట్ రాసిచ్చె."

నా సహోద్యోగి బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు. అతను నా చేతులు పట్టుకున్నాడు. ఆ చేతుల్లోని కృతజ్ఞత నాకు కాదు, దేవునికి వెళ్ళాలని నాకు తెలుసు. నేను చేసిందల్లా నా తప్పు నేను దిద్దుకోవడమే. నా జేబులో మళ్ళీ పిలవాల్సిన వాళ్ళ జాబితా ఉంది, రెండు పేజీలు. అందులో కొందరు రారు. లెక్కల పుస్తకంలో వాళ్ళ వరసలు కొట్టేయాలి.

సాయంత్రం సహవాసానికి వెళ్ళాను. కృతజ్ఞత చెల్లించాలనుకుని అందరితో పాటు మోకరించాను. ఒకటి రెండు మాటలు వచ్చాయి. తరువాత ఎవరో నా భుజం తట్టారు. కళ్ళు నులుముకుని తల ఎత్తితే మా గోదావరి వైపు పెద్దావిడ. చుట్టూ అందరూ చాపలు చుడుతున్నారు.

"లెగు బాబూ, ఆమేన్ అయిపోయింది" అంది.